ఒడ్డునబడిన ప్రాణి

ఆపదలో నున్న ప్రాణిని గాపాడుట ధర్మమని చెప్పని మతము లేదు; కాదని వాదించు మనుష్యుడును లేడు. అందఱు నొప్పుకొనిన ధర్మమును గుఱించి వ్రాయుట వ్యర్థమని చదువరులు తలపవచ్చును. కాని లోకమున వివాదము లేని ధర్మములే తఱచుగా విచారణ లేని ధర్మములగుచున్నవి. కాపాడుట యననేమి? అది యెచట మొదలై యెచట ముగియును? కాపాడితిమని మనము తృప్తి పొందిన క్షణమునకును, ఆ ప్రాణి నిజముగా బ్రదికిన క్షణమునకును నడుమ నెంత దూర మున్నది? ఈ ప్రశ్నలను మేము పుస్తకములనుండి తెచ్చుకొనలేదు. ఒక సముద్రపు తాబేలు మాకు నేర్పినది. ఆ పాఠమునకు మూల్యము చెల్లించినదియు నదియే. ఆ ఋణమును గొంతయైన దీర్చుకొనుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము ఆదవాని వారము. ఎమ్మిగనూరు మాకు ముప్పది కిలోమీటర్ల ప్రాంతమున నున్న పొరుగూరు. మా నడుమ నున్నవి నల్లరేగడి నేలలు, ప్రత్తి, జొన్న, వేరుసెనగ చేలు. ఏ దిక్కునకు బోయినను సముద్రము సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరము. మా పల్లెలలో సముద్రమును జూడకయే కన్నుమూసిన వృద్ధు లెందఱో కలరు. సముద్రముతో మాకు గల చుట్టఱిక మెల్ల తుంగభద్రవలన వచ్చినది. మా సీమ యంచున బాఱు నా నది మంత్రాలయము మీదుగా కర్నూలు చేరి, సంగమేశ్వరము వద్ద కృష్ణలో గలసి, హంసలదీవి వద్ద సాగరమున బడుచున్నది. మన నది సముద్రమున గలియు చోట నొకసారి మునుగవలెనను కోరికతో, కొన్ని యేండ్ల క్రిందట మాఘపూర్ణిమకు రెండూళ్ళ వారమును గలసి పదిమందిమి హంసలదీవికి బోయితిమి.

స్నానములు ముగిసినవి. జనసమ్మర్దమునకు దూరముగా ఇసుక వెంట నడచుచుండగా నీటియంచున నొక తాబేలు కానవచ్చెను. వీపుచిప్ప రెండడుగుల పొడవుండును. ముందఱి కాలికి, కాలనుట కంటె తెడ్డనుట యొప్పును, నైలాను వల తునుక చుట్టుకొని మాంసములోనికి దిగియుండెను. మొదట జచ్చినదే యనుకొంటిమి. ఒకరు దగ్గఱకు బోగా నది తల యెత్తి, మనుష్యుడు నిట్టూర్చినట్లు గాలి విడిచెను. ఆ నిట్టూర్పు విన్నంతనే మా మనసులు కరగినవి. ఒకరు కత్తి తెచ్చిరి. ఒకరు వల కోసిరి. నలుగురము చిప్ప క్రింద జేతులుంచి నీటి వైపునకు మోసికొని పోవుచుంటిమి.

ఇసుకలో గూర్చుండి వల బాగుచేసికొనుచున్న యొక వృద్ధ పల్లెకారుడు మమ్ము జూచి లేచి వచ్చెను. "వదలమాకండి బాబుగారూ! అది మునగలేదు. ఇప్పుడు నీళ్ళల్లో ఏస్తే చచ్చిపోద్ది" అనెను. చేపలను జంపువానికి దయ యేమి తెలియునని మాలో నొకరనిరి. ఆ మాట ననినవారిని మే మెవ్వరమును వారింపలేదు. మొలలోతు నీటిలో తాబేలును విడిచితిమి. అది మునుగక, ఈదక, యలలమీద తేలుచు మెల్లమెల్లగా దూరమయ్యెను. ఒకరు గోవింద యనిరి. అందఱము జప్పట్లు చఱచితిమి. ఫోనులలో బొమ్మలు దీసికొంటిమి. ఆ రాత్రి మాకు సుఖముగా నిద్ర పట్టెను.

మఱునాటి యుదయమున నదే యిసుకపై, కొంత దూరమున, తాబేలు చచ్చి పడియుండెను. తెడ్డుమీది వల కోతనుబట్టి మనదే యని గుర్తించితిమి. వృద్ధుడును జూచెను. ఆతడేమియు ననలేదు. చుట్ట ముట్టించుకొని తన పడవ వైపునకు బోయెను. ఆతడు మమ్ము దిట్టియుండినచో మాకింత బాధ యుండెడిది కాదు.

ఆ తరువాత మేము తెలిసికొనిన విషయములను జదువరుల ముందుంచుచున్నాము. మన తూర్పుతీరమునకు వచ్చి గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేళ్ళలో ఆలివ్ రిడ్లే యను జాతివే యధికము. పుష్య మాఘముల నుండి చైత్రము వఱకు, శ్రీకాకుళము మొదలు నెల్లూరు వఱకు గల తీరమంతట నిసుకలో నవి గ్రుడ్లు పెట్టును. పెరిగిన తాబేలు నలువది కిలోగ్రాముల ప్రాంతము తూగును. ఇసుకలో బుట్టి సముద్రమున దిరుగునదే యైనను దానికి చేపకు వలె మొప్పలు లేవు. మనకు వలె నూపిరితిత్తులున్నవి. గాలికై మాటిమాటికి పైకి రావలయును. వలలో జిక్కి పైకి రాలేకపోయినచో, నీటిలో బ్రదుకు నా ప్రాణి నీటిలోనే మునిగి చచ్చును. చావక బయటపడినది నీరు మ్రింగియో, లోపల గాలి చేరియో, గాయము కుళ్ళియో నీరసించి యొడ్డునకు గొట్టుకొని వచ్చును. ఆరోగ్యముగల తాబేలు గ్రుడ్లు పెట్టుటకై రాత్రివేళ తనంతట దాను నేల కెక్కి, పని ముగియగనే మరలిపోవును. పట్టపగలు నీటియంచున గదలక పడియున్నది సామాన్యముగా రోగియే. ఒడ్డు దానికి చెఱ గాదు, ఆసుపత్రి. మునుగుటకు శక్తి లేకయే, చావు నుండి తప్పించుకొని యది యిసుకను జేరినది. దానిని మరల నీటిలోనికి ద్రోయుట జ్వరపడి మంచము జేరినవానిని లేపి చేనికి దోలుట వంటిది.

అట్టి తాబేలునకు జేయవలసినది చాల కొంచెము. కాని యా కొంచెమునకు నోర్పు గావలయును. నీడ కల్పింపవలయును. ముక్కురంధ్రములు విడిచి తక్కిన యొడలికి తడిగుడ్డ గప్పవలయును. తెడ్లు పట్టి యీడ్వరాదు, వెల్లకిల ద్రిప్పరాదు, నోట నీరు పోయరాదు. చుట్టును మూగి కేకలు వేయరాదు. అటవీశాఖవారికి వెంటనే తెలుపవలయును. వలలో మునిగి స్పృహ దప్పినదైనచో, బోరగిల నుంచి వెనుక భాగమును ఆఱంగుళములకు తక్కువ గాకుండ నెత్తియుంచినచో, నూపిరితిత్తులలోని నీరు వెడలి, నాలుగు గంటలకో, ఒక్కొక్కప్పు డిరువదినాలుగు గంటలకో తెలివి వచ్చును. చచ్చినదని పడవవారు తలచి సముద్రమున బాఱవేసిన వానిలో నెన్నింటికి బ్రాణ ముండెనో యెవ్వరు చెప్పగలరు? మేము మా తాబేలునకు జేయవలసినదెల్ల దానిని గదలింపకుండ గూర్చుండుటయే. అదియే మాకు జేతకాలేదు. కారణమేమన, మేము దాని యాపదను దీర్చుటకంటె దానిని జూచి మాకు గలిగిన దుఃఖమును దీర్చుకొనుటకే తొందరపడితిమి. పరుల బాధ చూడలేకపోవుట వేఱు, పరుల బాధ దీర్చుట వేఱు. మొదటిది మన సుఖము నాశించును. రెండవది యెదుటి ప్రాణి సుఖము నాశించును. ఈ రెంటిని మనము దయ యను నొక్క పేరుతోనే పిలుచుచున్నాము.

తొందర దయకు మొదటి శత్రువైనచో, మమకారము రెండవ శత్రువు. గాయపడిన తాబేళ్ళను దొట్లలో నుంచి, నెలల తరబడి మందు వేసి, మేత పెట్టి, బాగైన పిదప సముద్రమున విడుచు కేంద్రములు నేడు పెక్కు దేశములలో నున్నవి. మన పొరుగున చెన్నైలో 2002లో బుట్టిన ట్రీ ఫౌండేషన్ వారు పల్లెకారుల యువకులనే రక్షకులుగా జేర్చుకొని యీ పని చేయుచున్నారు. వారి కృషి మన యాంధ్రతీరమునకును వ్యాపించినది. ఈ కేంద్రములలో మిక్కిలి కఠినమైన పని మందు వేయుట గాదు, విడిచిపెట్టుట. తాబేలు మనుష్యుని జూచి మేతకై దగ్గఱకు వచ్చుట మొదలుపెట్టినచో, అది మచ్చికయైనదని సామాన్యులు సంతోషింతురు. తెలిసిన వైద్యుడు దిగులుపడును. మనుష్యుని నమ్మిన తాబేలు రేపు పడవ దగ్గఱకు బోవును. కావున నవసరమునకు మించి దాని యెదుట బడరు. మేతను దానంతట దానిచేతనే వెదకింతురు. లోతున మునుగగలదా, తిన్నగా నీదగలదా యని పరీక్షింతురు. ఒక తెడ్డు పోయినను తక్కిన మూటితో నీదగల తాబేలును విడుచుటకు వెనుదీయరు. తనను గాపాడినవారి మొగమును మఱచిపోగలుగుటయే యచట చికిత్సకు సాఫల్యము. కృతజ్ఞత నాశింపని యుపకార మనుచుందుమే, దానిని నియమముగా బాటించు చోటు లోకమున నేదైన నున్నచో నిదియే.

పిల్లల విషయమునను నింతే. ఒక్కొక్క తల్లి నూఱు నూటయిరువది గ్రుడ్లు పెట్టును. కుక్కలు, నక్కలు, మనుష్యులు త్రవ్వి తినకుండ, హంసలదీవి సూర్యలంక ప్రాంతములందును, విశాఖ తీరమునను వానిని సేకరించి కంచె లోపల నిసుకలో మరల బాతి కాపాడుచున్నారు. నలువదియైదు దినములు మొదలు అఱువది దినములలో పిల్లలు వెలువడును. అవి యిసుకపై దమంతట దాము ప్రాకి యలను జేరవలయును. వెలుగు గల దిక్కే సముద్రమని నమ్మి పోవు నా పిల్లలను తీరపు విద్యుద్దీపములు పెడత్రోవ బట్టించుచున్నవి. పెద్దమనుష్యులు పిల్లను అఱచేత బట్టుకొని బొమ్మ దీయించుకొనుటయు, తొట్టిలో మధ్యాహ్నము వఱకు నుంచి సభ ముగిసిన పిదప విడుచుటయు మేము విన్నాము. పుట్టిన పిల్లకు మొదటి దినములలో నీదుటకు గల బలమెల్ల తల్లి గ్రుడ్డులో నుంచిన పచ్చసొన కట్టుబడియే. ఉపన్యాసములు వినుటలో నా బలము ఖర్చగుచున్నది. వేయింట నొకటి మాత్రమే పెరిగి పెద్దదగునని శాస్త్రజ్ఞుల యంచనా. ఆ యొకటి మన యుపన్యాసము నాటి తొట్టిలోనే నీరసించినదేమో!

ఈ మాటలు విని, ఇది తీరవాసుల గొడవ, మెట్టసీమ వారికేల యని మాలో గొందఱడుగవచ్చును. మెట్టసీమలో తాబేలు లేదా? వీపుపై నక్షత్రముల వంటి చారలుగల మెట్టతాబేలు రాయలసీమ రాళ్ళమధ్యను, ముండ్ల తుప్పలలోను దిరుగు ప్రాణి. తాబేలు చొచ్చిన యిల్లు పాడగునని మొన్నటి వఱకు వెఱచిన మనమే, నేడది యింట నున్న సిరి వచ్చునని వాస్తువారు చెప్పగా గాజుపెట్టెలో బెట్టి పూజించుచున్నాము. శకునము మాఱినది, తాబేలునకు చెఱ వచ్చినది. అడవి తాబేలును గొనుటయు, అమ్ముటయు, ఇంట బెట్టుకొనుటయు నేరము. 2019లో నీ నక్షత్రతాబేటిని అంతర్జాతీయ వ్యాపారమునుండి పూర్తిగా నిషేధింపబడిన ప్రాణుల పట్టికలో జేర్చిరి. అయినను సంచులలో గుట్టలుగా గుక్కి దేశాంతరములకు బంపుట నిలువలేదు. 2018లో సింగపూరునుండి 51 నక్షత్రతాబేళ్ళు విమానమున బెంగుళూరునకు దిరిగి వచ్చినవి. దొంగలు కొనిపోయిన ప్రాణిని దిరిగి తెచ్చుటకు రెండు దేశములు పూనుకొనవలసి వచ్చెను. వచ్చినను వెంటనే యడవిలో విడువరాదు. పరదేశపు రోగమును దెచ్చినదేమో చూడవలయును, ఏ ప్రాంతపు జాతియో తేల్చుకొనవలయును. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మములో విష్ణువును కూర్మరూపమున గొలుచు జాతి మనది. పర్వతమును మోసిన కూర్మమును గొలిచి, మన సంచిలో నూపిరాడని కూర్మమును జూడనిచో, ఆ పూజ యెవ్వరికి జేరును?

రెండవ యాక్షేపణ యింతకంటె బరువైనది. దానిని మేము తేలికగా ద్రోసివేయజాలము. "మా పల్లెలలో మనుష్యులకే దిక్కులేదు, తాబేళ్ళకు ఆసుపత్రులా?" యనునదే యా యాక్షేపణ. ఆదవాని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల నుండి ప్రతి సంవత్సరము పంటలు ముగిసినంతనే కుటుంబములకు గుటుంబములు సుగ్గికి బోవుచున్నవి. ముసలివారిని ఇంటికి గావలి పెట్టి, బడిలోని పిల్లలను వెంటబెట్టుకొని, గుంటూరు సీమకు మిరపకోతలకు బోవుదురు. తాళము వేసిన యిండ్లును, సగము ఖాళీయైన తరగతిగదులును జూచినవారికి తాబేటి మాట వినుట కష్టముగా నుండుట సహజమే. అయినను మేము రెండు మాటలు మనవి చేసికొందుము.

మొదటి మాట: తాను జూడని ప్రాణికి దయ చూపు మని యడుగుటకు మా సీమకున్న యధికారము మఱి యే సీమకును లేదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాతుకరువున బళ్ళారి, కర్నూలు జిల్లాలు మాడిపోయినవి. ఆదవాని నాడు బళ్ళారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడే యది మనలో జేరినది. ఆ కఱవున 1877లో లండను నగరపు మేయరు పేర చందాలు వసూలై యిచటికి వచ్చినవి. ఇచ్చినవారు మా పూర్వుల మొగము జూచినవారు గారు. బళ్ళారి యెచట నున్నదో కూడ వారిలో బెక్కండ్రకు దెలియదు. చూడని దుఃఖమునకు జేయి చాచుట మనుష్యునకు సాధ్యమని ఋజువు చేసినవారి దయవలన బ్రదికిన వారి సంతతి మాలో నుండవచ్చును. మాకు సముద్ర మెంత దూరమో, వారికి మేమంతకంటె ననేక రెట్లు దూరము.

కాని యా కఱవే రెండవ పాఠమును గూడ నేర్పినది. ఒక చేత చందా వచ్చుచుండగా, రెండవ చేత ప్రభుత్వము పనిలో జేరిన పురుషునకు దినమునకొక పౌను ధాన్యము, ఒక అణా చాలునని కూలి తగ్గించినది. దేశమునుండి ధాన్యపు టెగుమతి నిలువలేదు. గంజి పోసినవారు కఱవు కారణమును ముట్టలేదు. ప్రాణము నిలుపుట యొక పని. నిలిచిన ప్రాణము దన కాళ్ళపై నడచునట్లు జేయుట వేఱొక పని. ఆ రెండవ పనికి నిదర్శనము కొఱకు మేము దూరము పోనక్కఱలేదు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. మగ్గమును నమ్ముకొని ఋణములలో గూరుకొనిపోయిన వానికి పిడికెడు బియ్యము దానమిచ్చి పంపుట సులభము. నూలు సమకూర్చి, నేసిన బట్టకు గిరాకి చూపి, వానినే సంఘమున భాగస్వామిని జేయుట కష్టము. సోమప్పగారా కష్టమును బూనిరి. 1954లో బ్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుద మిచ్చినది. దానము పుచ్చుకొన్నవాడు మరల రేపు గుమ్మములో నిలుచును. పని దొరకినవాడు రాడు. వాడు రాకపోవుటయే మన సేవకు ఫలము. తాబేటిని విడిచిపెట్టు వైద్యుని ధర్మమును, నేతగానిని నిలబెట్టిన సంఘపు ధర్మమును మాకొక్కటిగనే తోచుచున్నవి. సుగ్గికి బోవువారికి దారిలో నన్నపు పొట్లమిచ్చి చప్పట్లు చఱచుకొను వారికంటె, వారి యూరికి సాగునీరును బనియు దెచ్చి, సుగ్గియే లేకుండ జేయువాడు మహోపకారి. కాబట్టి తాబేటిని గుఱించిన యీ విచారణ మనుష్యుని గుఱించిన విచారణకు పోటీ గాదు. మనుష్యులు ముందనువారు మనుష్యులకై పనిచేయుచున్నచో మేము వారికి నమస్కరించి వారి వెంట నడతుము. ఏ పనియు జేయకుండుటకై మనుష్యుల పేరు చెప్పువారికి మాత్రము మా యొద్ద జవాబు లేదు.

ఇక మూలకారణమున కడుగుదము. ఆ తాబేటి తెడ్డున దిగిన వల యెచటిది? పూర్వము వలలను ప్రత్తినూలుతోను, జనుముతోను అల్లెడివారు. చెట్టుబెరడు కషాయములో నానవేసి యెంత కాపాడినను, కొంత కాలమునకు నా నూలు కుళ్ళి నీటిలో గలసిపోయెడిది. ఇరువదవ శతాబ్దపు నడుమ నైలాను వచ్చినది. అది తేలిక, గట్టిది, కుళ్ళదు. పల్లెకారునకు మేలు జేసిన యా గుణమే, వల తెగి సముద్రమున బడినప్పుడు కీడగుచున్నది. యజమాని లేని యా వల యేండ్ల తరబడి తిరుగుచు, ఎవ్వరికొఱకును గాని వేటను సాగించుచునే యుండును. ప్రత్తి బజారున బుట్టి పెరిగిన మాకు, ఒకప్పుడు ప్రత్తి చేసిన పనిని నైలాను చేయుటవలన నొక ప్రాణి యిట్లు చచ్చుచున్నదని తెలిసినప్పుడు సముద్రము దగ్గఱైనట్లు తోచినది. వల తునుకలతో బాటు ప్లాస్టిక్కు సంచులను గూడ తాబేళ్ళు మేత యనుకొని మ్రింగుచున్నవి. తుంగభద్ర మెట్లపై మనము పాఱవేయు సంచి యానకట్టల నన్నిటిని దాటి సముద్రము జేరునో లేదో మేమెఱుగము. దాని ప్రయాణము మాత్రము మన చేతినుండియే మొదలగుచున్నది.

తెగిన వలకంటె నెక్కుడు చావులు, పనిచేయుచున్న వలలవలననే కలుగుచున్నవి. మరపడవలు సముద్రపు టడుగున నీడ్చు ట్రాలు వలలు గంటల తరబడి నీటిలో నుండును. వానిలో జిక్కిన తాబేలు బ్రదుకుట యరుదు. 2025 జనవరిలో చెన్నై తీరమున వందలకొలది తాబేటి శవములు కొట్టుకొని వచ్చుట పత్రికలలో జదివియుందుము. దీనికి ఉపాయము లేకపోలేదు. వల గొంతులో నినుపకడ్డీల చట్ర మొకటి బిగించి, పైన నొక కిటికీ విడుతురు. రొయ్య కడ్డీల సందున దూరి సంచిలో బడును. తాబేలు కడ్డీలకు దగిలి కిటికీ గుండ వెలికి బోవును. కొచ్చినిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు మన దేశపు పడవలకు దగినట్లు దీనిని దిద్దిరి. కొంత పట్టు జాఱిపోవునని పడవవారు దీనిని బిగించుటకు వెనుదీయుచున్నారు. 1989లో అమెరికా వారు చట్టము చేసి, ఇట్టి చట్రము లేని దేశముల రొయ్యలను గొనమనిరి. మన దేశము, మలేషియా, పాకిస్తాను, థాయిలాండు గలసి ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యమాడినవి. తాబేళ్ళను గాపాడుట న్యాయమే యనియు, కొన్ని దేశముల కొకరీతి, కొన్నింటికి మఱియొకరీతి జరుపుట న్యాయము కాదనియు 1998లో దీర్పు వచ్చినది. ధర్మమైనను బలవంతుడు బలహీనునిపై వేఱువేఱు తక్కెడలతో దూచునప్పుడు అధర్మపు వాసన కొట్టును.

ఇచట మేము హంసలదీవి వృద్ధుని దలచుకొందుము. చేపలను జంపువానికి దయ యేమి తెలియునను మా మాటను మేమిపుడు వెనుకకు దీసికొనుచున్నాము. తీరమున తాబేటి గుఱించి మా పదిమందికంటె నెక్కువ తెలిసినవా డాతడొక్కడే. తాబేటి ప్రాణమునకై పల్లెకారుని పొయ్యి యార్పుమనుట మాకు సమ్మతము గాదు. పట్టణములో గూర్చున్న మన దయకు ధర మాతని కూడైనచో, నది దయ గాదు, దొంగతనము. అదృష్టవశమున నీ రెండు ప్రాణముల మేలును బెక్కు చోట్ల నొక్కటియే. ఒడ్డునుండి 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడరాదని మన రాష్ట్రమున 1994 నాటి చట్ట మున్నది. ఆ మేర చిన్నపడవ వానిది. గ్రుడ్లు పెట్ట వచ్చు తాబేళ్ళు మూగునదియు నీటి నా మేరనే. ఆ యొక్క చట్టము దిన్నగా నమలైనచో, చిన్న పల్లెకారునకు జేపలు మిగులును, తాబేటికి బ్రాణము మిగులును. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు వేట నిషేధించినప్పుడు, పని లేని పల్లెకారు కుటుంబములకు బ్రభుత్వము భృతి యిచ్చుచున్నది. 2025లో నది యిరువది వేల రూపాయలైనది. అది చేపలు పెరుగుటకై పెట్టిన నిషేధము. తాబేళ్ళ కాలము దానికి ముందే చాలవఱకు గడచిపోవును. కాని సూత్ర మొకటి దానిలో నున్నది: అందఱి మేలునకై యొకడు పని మానుకొనినచో, ఆతని నష్టమును అందఱును బంచుకొనవలయును. కడ్డీల చట్రమువలన జాఱిపోవు రొయ్యలకును, వలలో జిక్కిన తాబేటిని విడిపించుటకై కోసిన వలకును నదే సూత్రము వర్తింపదగును. వెల చెల్లింపని దయను బోధించుట మాకును సులభమే.

గజేంద్రుని కథను మన యిండ్లలో జెప్పుకొనని వారు లేరు. ఏనుగు నొడ్డునకు దెచ్చిన కథ యని మనము దానిని జ్ఞాపక ముంచుకొంటిమి. పట్టిన మొసలికిని నా కథలో శాపవిమోచన మైనదని తఱచుగా మఱతుము. అది హూహూ యను గంధర్వుడై తన లోకమునకు బోయినది. బాధపడినవానిని మాత్రమే గాక, బాధ పెట్టుటకు గట్టుబడినవానిని గూడ విడిపించునదే సంపూర్ణమైన రక్షణమని పూర్వులు గ్రహించిరి. పల్లెకారుడు మొసలి గాడు. అయినను అప్పునకును, పోటీకిని, తగ్గుచున్న చేపలకును గట్టుబడి యాతడు వల వేయుచున్నాడు. ఆ కట్లు విప్పక తాబేటి కట్లు విప్పుదమనుట సగము కథ చెప్పి పుణ్యము గోరుట.

మేమిప్పుడు ప్రతి మాఘమునకు హంసలదీవికి బోవుచున్నాము. ఒడ్డున బడిన ప్రాణి కానవచ్చినచో నేమి చేయవలయునో వెంట వచ్చు పిల్లలకు ముందుగానే చెప్పుచున్నాము: దగ్గఱకు బరుగెత్తకుడు, నీడ పట్టుడు, తడిగుడ్డ కప్పుడు, తెలిసినవానిని బిలువుడు, ఆతడు పల్లెకారుడైనను, అటవీశాఖ వాడైనను, వాని మాట వినుడు. ఈ మాటలలో వినసొంపైన దేదియు లేదు. చప్పట్లు చఱచుటకు సమయమును లేదు. కిందటి పర్యాయ మా వృద్ధుని గుఱించి విచారించితిమి. ఆతడు పోయెనని యాతని మనుమడు చెప్పెను. క్షమాపణ చెప్పుకొనుటకు మేము చాల సంవత్సరములు తీసికొంటిమి. ఆ మనుమడు మాత్రము రాత్రులందు గ్రుడ్లను గాచుటకై యిసుక వెంట దిరుగుచున్నాడు. ఆతని వెంట నొక రాత్రి మేమును నడచితిమి. తాబేలేదియు రాలేదు. తెల్లవాఱు వఱకు నడచి, యేమియు గాపాడకయే తిరిగి వచ్చితిమి. ఈ ధర్మమున నట్టి రాత్రులే యెక్కువ యని యాతడు నవ్వుచు జెప్పెను.